ముప్పై ఏడో పేజీ

కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టావిడను పిల్లలంతా అట్టలక్క అని పిలిచేవారు. ప్రాజెక్టు రిపోర్టులకు నల్ల రెక్సిన్ అట్టలు వేసి, వాటి మీద బంగారు రంగు అక్షరాలు అద్దడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. పదో తరగతితోనే చదువు ఆగిపోయినా, చేతికొచ్చిన ప్రతి కాగితం మీదా ఓ చూపు వెయ్యనిదే ఆవిడకు తోచదు. నీటి పంపు మీద రాసిన ఒకే రిపోర్టు ఆరేళ్లుగా ఏటా తన దగ్గరికి వస్తోందని అందుకే కనిపెట్టగలిగింది. పేర్లు మారేవి, సంవత్సరం మారేది, పంపు మాత్రం అదే.

ఈసారి దాన్ని పట్టుకొచ్చింది ఆవిడ సొంత కూతురు.

"ఇదేంటే, మీ సీనియర్లది కదా?"

"మా హెడ్డు సారే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారమ్మా. మూడు బ్యాచ్‌లకీ ఇదే. పన్నెండు కాపీలు కావాలి, రేపటికల్లా."

"మరి మీరేం చేసినట్టు?"

"పేర్లు మార్చాం."

అది పరీక్షల కాలం. కొట్టు నిండా జనం, చేతి నిండా జిగురు. అట్టలక్కకు కూతురితో వాదన పెట్టుకునే తీరిక లేదు. ప్రింటు తీసిన ప్రతిని మిషన్ మీద పెట్టి, పన్నెండు కాపీలూ గబగబా లాగి, అట్టలు వేసి పంపేసింది.

వారం తిరిగాక పక్క కొట్టు వాషింగ్ మెషిన్ మెకానిక్ వచ్చాడు.

"అక్కా, కాపీలు తీయమని ఓ కాగితం ఇచ్చాను. ఏమైంది?"

ఆవిడ కొట్టంతా తలకిందులు చేసింది. ఆ కాగితం దొరకలేదు కానీ జిరాక్స్ మిషన్ కింద ఇంకో కాగితం దొరికింది. నీటి పంపు, ముప్పై ఏడో పేజీ. ఇది ఇక్కడుంటే రిపోర్టులో ఉన్నదేంటి?

చెప్పులు సగం తొడుక్కుని రోడ్డు దాటింది. హెడ్డు సారు గదిలో పన్నెండు రిపోర్టులూ వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తెరిచి చూసుకుంది. ముప్పై ఆరో పేజీలో పంపు రెక్కల కోణం, ముప్పై ఎనిమిదిలో నీటి ఒత్తిడి. రెండింటి మధ్యా: 'తెల్ల బట్టలూ రంగు బట్టలూ కలిపి వేయరాదు. జేబుల్లో పిన్నీసులు లేకుండా చూసుకోవాలి.'

"సార్, పొరపాటు నాదే. పన్నెండింట్లోనూ ఇదే ఉంటుంది. ఒక్క గంట ఇస్తే పేజీ మార్చి తెచ్చిస్తాను."

హెడ్డు సారు ఆ పేజీ చూశాడు. తర్వాత మొదటి పేజీ తిప్పాడు. అక్కడ ఆయన సంతకం, 'అత్యుత్తమం' అన్న మాట, వందకు తొంభై నాలుగు మార్కులు.

"చదివే పెట్టారా సార్ సంతకం?" అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"చదవకుండా పెడతామా!" అని కసిరి, గొంతు తగ్గించాడు. "రేపే బయటి ఎగ్జామినర్ వస్తున్నారు. వీటి మార్కుల లిస్టు కూడా పంపించేశాం. ఇప్పుడు వీటిని విప్పితే లేనిపోని రాద్ధాంతం. వచ్చినవాళ్లు అట్ట చూసి మెచ్చుకుని వెళ్లిపోతారు. మీ పని అయిపోయింది, వెళ్లండి."

సాయంత్రం కూతురు కొట్టుకి రాగానే నిలదీసింది.

"నీ పేరు పెట్టుకున్న పుస్తకం కదే, నువ్వైనా తిప్పి చూళ్లేదా?"

"ఎవరు చదువుతారమ్మా వాటిని?"

"అట్టలు వేసే నేను చదువుతున్నాగా!"

ఆ పిల్ల నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగిపోయింది. తల్లికి కోపం రాలేదు, అవమానమైంది. అది కోపం కంటే కష్టంగా ఉంది చూడ్డానికి.

మర్నాడు వచ్చిన ఎగ్జామినర్ పొట్టి జుట్టు, లావు కళ్లద్దాల పెద్దావిడ. అట్టను మెచ్చుకుంది, నిజమే. కానీ లోపలా చూసింది. ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. పుస్తకం మూసి, మొదటి కుర్రాణ్ని అడిగింది.

"ముప్పై ఏడో పేజీలో ఏం రాశావు బాబూ?"

"పంపు సామర్థ్యం పట్టిక మేడమ్," అన్నాడు తడుముకోకుండా.

రెండోవాడు గ్రాఫ్ అన్నాడు. మూడోది అట్టలక్క కూతురి వంతు. హెడ్డు సారు కళ్లతోనే ఏదో సైగ చేస్తున్నాడు. ఆ పిల్ల అటు చూడలేదు.

"వాషింగ్ మెషిన్ కాగితం మేడమ్. పొరపాటున కలిసింది. నిన్న మా అమ్మ చెప్పేదాకా నాకూ తెలీదు. నేను చదవలేదు."

"మీ అమ్మగారేం చేస్తారు?"

"ఈ అట్టలు వేసింది ఆవిడే."

"అయితే ఈ పుస్తకం చదివిన మనిషి ఒకరున్నారన్నమాట," అంటూ పెద్దావిడ హెడ్డు సారు వైపు తిరిగింది. "పన్నెండూ వెనక్కి. నెల టైమిస్తాను. మీ ల్యాబులో పంపు ఉండే ఉంటుంది. దాన్ని విప్పి, బిగించి, కొలిచి రాసుకొస్తేనే మార్కులు."

మధ్యాహ్నానికల్లా హెడ్డు సారు కొట్టు మీదకి వచ్చి పడ్డాడు. "మీ వల్ల కాలేజీ పరువు గంగలో కలిసింది!"

"నా వల్ల పోయింది ఒక్క పేజీ సార్," అంది అట్టలక్క, జిగురు చేతులు తుడుచుకుంటూ. "మిగతా అరవై పేజీలూ మీరిచ్చినవే."

ల్యాబులో పంపు ఉంది. మూలన, విరిగిన కుర్చీల వెనక. బోల్టులు తుప్పు పట్టి కదలనంటే కదలనన్నాయి. మెకానిక్ స్పానర్లు అరువిచ్చాడు. మొదటి వారం పన్నెండు మందీ అట్టలక్కను తిట్టుకున్నారు. రెండో వారం పంపు తెరుచుకుంది. మూడో వారం దాన్ని బిగిస్తే ఒక వాషర్ మిగిలిపోయింది. అదెక్కడిదో తేలేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కూతురు ఇంట్లో మాట్లాడితే వాషరు, మాట్లాడకపోతే వాషరు.

కొత్త రిపోర్టు ఇరవై నాలుగు పేజీలే వచ్చింది. అట్టలక్క ఎప్పట్లాగే తిప్పి చూసి మధ్యలో ఆగింది.

"ఇదేంటే, ఇక్కడ నిమిషానికి నలభై లీటర్లన్నారు, అక్కడ ముప్పై నాలుగన్నారు?"

"అబ్బా, అదేం లేదమ్మా... ఆగాగు. ముప్పై నాలుగు ఆ వాషరు పెట్టకముందు కొలిచింది."

"మరి ఆ ముక్క రాయొద్దూ?"

కూతురు అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని రాసింది.

రెండోసారి పెద్దావిడ ఒక్కొక్కరినీ అరగంటకు తక్కువ కాకుండా కూర్చోబెట్టింది. అట్టలక్క కూతురికి డెబ్భై ఒకటి వచ్చాయి. తొంభై నాలుగు పోయిన ఊసైనా ఆ పిల్ల ఎత్తలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, చెప్పలేకపోయిన ఒకే ఒక్క ప్రశ్న గురించి వాపోయింది.

"నీళ్లు ఇటు నుంచి వస్తాయమ్మా," అంటూ గ్లాసులో వేలు ముంచి బల్ల మీద గీసింది. "రెక్కలు ఇలా తిరుగుతాయి. అప్పుడు ఒత్తిడి ఎక్కడ తగ్గుతుంది? అదీ ఆవిడ అడిగింది."

అట్టలక్కకు సగమే అర్థమైంది. కంచం పక్కకు జరిపి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మళ్లీ మొదట్నించీ చెప్పు," అంది.