మిషను అన్నకు, పాటలు తమ్ముడికి

ఒకప్పుడు సిద్దిపేటలో రాజమల్లయ్య మైకుసెట్టు మోగని పెళ్లి పందిరి లేదంటే నమ్మండి. ఇప్పుడా దుకాణం షట్టరు ఎత్తినా దించినా అడిగే నాథుడు లేడు. డీజే బండ్లొచ్చి గిరాకీ పోయింది. ఆ తర్వాత భార్య లింగవ్వ పోయింది. మిగిలింది దుకాణం వెనక గది, ఒక స్టవ్వు, అటక మీద పాత సామాను. ఆ సామాన్లోంచే ఒకనాడు రికార్డు మిషన్ని కిందికి దించాడు.

కారణం లేకపోలేదు. బస్టాండు దగ్గర దౌల్తాబాద్ మనిషి ఒకడు కలిసి, "మీ తమ్ముడు మస్తు చిక్కిపోయిండే రాజన్నా" అన్నాడు. "అయితే నాకేంది?" అని కసిరి వచ్చేశాడు గానీ ఆ పూటే అటకెక్కాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే మైకుసెట్టు. రాయపోల్‌లో ఒక పెళ్లిలో, ఇంకా పుస్తె కట్టకముందే, తమ్ముడు దుబ్బయ్య పొరపాటున అప్పగింతల పాట పెట్టాడు. పిల్ల తల్లి శోకం ఎత్తుకుంది. అపశకునమని పెళ్లివారు మీదికి లేచారు. రాజమల్లయ్య ఆ పందిట్లోనే, అంతమంది చూస్తుండగా, తమ్ముడి చెంప ఛెళ్లుమనిపించాడు. పెళ్లాం ఉన్న మనిషిని, ఆ పెళ్లాం ముందే! దుబ్బయ్య తెల్లారి పంపకం అడిగాడు.

కులపెద్దలు కూర్చున్నారు. హారన్లు చెరొకటి, బ్యాటరీలు చెరొకటి పంచి, చివరికి మిషను అన్నకు, రికార్డుల పెట్టె తమ్ముడికి అని తీర్పు చెప్పి మీసాల్లో నవ్వుకున్నారు. ఉపాయం గొప్పదే! మిషను లేకుండా పాట రాదు, పాట లేని మిషన్ని ఎవరూ పిలవరు. వారం తిరక్కుండా ఇద్దరూ ఒకటవుతారని వాళ్ల అంచనా. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఈ ఇద్దరి దగ్గరా ఆ మూట విప్పే దిక్కులేక పులిసిపోయింది. అన్న పోయి టేపురికార్డరు కొన్నాడు. తమ్ముడు దౌల్తాబాద్‌లో సైకిల్ షాపు పెట్టాడు. ఇక ముప్పై ఏళ్లకు పైగా ఉప్పూ నిప్పూ!

లింగవ్వ చావుకు దుబ్బయ్య వచ్చాడు. పిడికెడు మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కాడు. అప్పుడే వెంటపడి చేయి పట్టుకోవాల్సింది. పెద్దవాణ్ణి నేను, వాడే నా దగ్గరికి రావాలని రాజమల్లయ్య కదలకుండా కూర్చున్నాడు. ఏం పెద్దరికమో, తగలెయ్య!

మిషను పళ్లెం ఎత్తి చూస్తే లోపల గ్రీజు పాకంలా బిగుసుకుపోయి ఉంది. ఈ రకం మిషన్లో బెల్టు ఉండదు. మోటారు ఇరుసుకూ పళ్లెం అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒరుసుకుంటూ తిరిగి పళ్లేన్ని తిప్పుతుంది. పని అయ్యాక మీట వెనక్కి తిప్పితే చక్రం పక్కకు జరుగుతుంది. కానీ మైకుసెట్టు వాళ్లకు మీట తిప్పే తీరిక ఎక్కడిది? వైరు పీకడం, సామాను బండెక్కించడం, అంతే వాళ్లకు తెలిసింది. రాయపోల్ పెళ్లిలో రాజమల్లయ్య కోపంతో వైరు పీకాడు. ఆనాటి నుంచి చక్రం ఇరుసుకు ఆనుకునే ఉండిపోయింది. రబ్బరు రాయిలా గట్టిపడి, ఆనిన చోట సొట్ట పడింది.

చక్రం పట్టుకుని లేతు దుకాణం దేవరాజు దగ్గరికి వెళ్లాడు.

"అరగదీస్తే పోయే సొట్ట కాదే గిది. కొత్త రబ్బరు ఎక్కియ్యాలె" అన్నాడు దేవరాజు.

"ఎక్కియ్యి మరి. చూసుకుంట కూసుంటవేంది?"

"ఎక్కిస్తగని, పాటలేవి అన్నా? హైదరాబాద్ల ఆదివారం అంగట్ల రికార్డులు కుప్పలు పోసి అమ్ముతరు. తెచ్చుకోరాదు?"

"నాకు గవొద్దు."

"మరేం ఇంటవ్, మోటారు సప్పుడా?"

రాజమల్లయ్య నోటి దాకా వచ్చిన తిట్టును మింగాడు. "మా దుబ్బడు పెడితేనే ఇంట" అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది. దేవరాజు లేతు మీదికి వంగాడు.

గదికి తెచ్చి, పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, ఇరుసులకు కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా పోశాడు. హైదరాబాద్ కోఠి నుంచి రికార్డు మీద ఆనే కొత్త ముల్లు తెప్పించాడు. పళ్లెం మీద గోలీ పెడితే దొర్లిపోయింది. మిషను కాళ్ల కింద అట్టముక్కలు పెడుతూ తీస్తూ, గోలీ పెట్టినచోటే నిలిచేదాకా తంటాలు పడ్డాడు. అంచు మీద సుద్దగీత గీసి, గడియారం ముందు పెట్టుకుని చుట్లు లెక్కపెట్టాడు. వేగం కుదిరింది. ముల్లున్న మిషను చేయి బరువు సరిచేస్తే అది ఈగ వాలినంత తేలిగ్గా దిగింది. అంతా అయింది, పాట ఒక్కటి తప్ప.

ఖాళీ పళ్లేన్ని తిప్పుకుంటూ దాని ముందే కూర్చుని అన్నం తినేవాడు. ఒంటిమనిషికి ఎదురుగా ఏదో ఒకటి కదులుతుంటే అదో తోడు. ఎన్నాళ్లని చూస్తాడు? ఒక మధ్యాహ్నం కంచం పక్కకు నెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పంతం పోతే పోయింది, తమ్ముడు కావాలి. పోయి తప్పు ఒప్పుకుంటే వాడు కాదంటాడా? కాదన్నా పర్వాలేదనుకున్నాడు. మరునాడు మిషన్ని దుప్పట్లో చుట్టి, ఆంప్లిఫయరూ స్పీకరూ పక్కన పెట్టుకుని దౌల్తాబాద్‌కు ఆటో కట్టించాడు.

గుమ్మంలో మరదలు బాలమణి గబుక్కున కొంగు తలమీదికి లాక్కుంది. "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా బావా?"

"దుబ్బడేడి?"

"లోపటున్నడు. గని బావా, నువ్వెంత గట్టిగ పిలిచినా ఇనవడదు. రెండేండ్లాయె, చెవులు పూరాగ పోయినయి. దవాఖానల గూడ ఇగ లాభం లేదన్నరు."

"నాకెవ్వలు చెప్పలేదే!"

"ఎవ్వలు చెప్పాలె? నువ్వెన్నడన్న అడిగినవా?"

రాజమల్లయ్య మిషన్ని ఎత్తుకుని, తల వంచుకుని లోపలికి నడిచాడు.

మంచం మీద దుబ్బయ్య సగం మనిషై ఉన్నాడు. అన్నను చూశాడు. దుప్పటి విప్పాక మిషన్ని చూశాడు. మెల్లగా లేచి మంచం కిందనుంచి పెట్టె లాగాడు. రికార్డులన్నీ వరుసగా ఉన్నాయి, ఒక్కదాని మీదా దుమ్ము లేదు. ఒక్కో కవరు మీద ఒక్కో కుంకుమ బొట్టు.

"ఏటా దసరాకు తుడిచి బొట్లు పెడుతడు. సైకిల్ షాపు పానాలకు గూడ పెట్టలే ఎన్నడు" అంది బాలమణి.

మైకుసెట్టు వాళ్లు మొదట పెట్టేది దేవుడి పాటే. దుబ్బయ్య దాన్ని వెతికి తీసి, పంచె అంచుతో తుడిచి, పళ్లెం మీద పెట్టాడు. రాజమల్లయ్య ఆంప్లిఫయరుకు వైర్లు కలిపి, మీట తిప్పి ముల్లు దించాడు. కాసేపు చిటపటలు, ఆ వెంటే పాట. ఒక్క వణుకు లేకుండా, నిండుగా, గది నిండా!

"షురువైందా అన్నా?" అని దుబ్బయ్య, చెవులు వినపడనివాళ్లు అరిచినట్టే అరిచాడు.

రాజమల్లయ్య తలూపాడు. దుబ్బయ్య మిషను చెక్క మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఇక ఆగలేకపోయాడు రాజమల్లయ్య. "తప్పయిందిరా తమ్మీ! గా దినం నిన్ను కొట్టకుండా ఉండాల్సింది. తప్పయింది!" గొంతు చించుకుని అన్నాడు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటివాళ్లు గోడ మీదినుంచి తొంగి చూశారు. ఊరంతా విన్నది, వినాల్సినవాడు తప్ప.

దుబ్బయ్య కళ్లు తెరిచి, అన్న పెదవులు కదలడం చూసి విసుక్కున్నాడు.

"పాట నడిచేటప్పుడు మాట్లాడకే అన్నా. ఇననియ్యి."

రాజమల్లయ్య నోరు మూసుకున్నాడు. ఆ పాట చివరిదాకా అన్నదమ్ములిద్దరిలో ఆయన ఒక్కడే విన్నాడు.