బూడిద పడిన ఆకులు

పురుగులు చచ్చినందుకు నిఖిలేశ్ మూడు వారాలు సంతోషంగా బతికాడు. తర్వాత ల్యాబ్ ఫలితం వచ్చింది.

రాయచూరులో అతను పత్తికాయ పురుగు మీద పరిశోధన చేస్తున్నాడు. జన్యువు చెప్పే మాటకు కణంలో ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. దాన్ని చూసి కణం ప్రోటీన్ కడుతుంది. అదే నకలును జంట పోగులుగా చేసి పురుగుకు తినిపిస్తే, కణం దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కనే ఆనవాలుగా పట్టుకుని తన సొంత నకళ్లను వెతికి నరికేస్తుంది. జన్యువు చెక్కుచెదరదు. దాని మాట మాత్రం ఎవరికీ చేరదు. అలాంటి ద్రావణం చల్లిన ఆకులు తిన్న పురుగులు చచ్చాయి. ద్రావణం పడని ఆకులు తిన్నవి బతికాయి.

కానీ చచ్చిన వాటిలో నకళ్లు ఒక్కటీ తగ్గలేదని ఫలితం చెప్పింది.

మొక్కలు పెంచే నెట్‌హౌస్‌లో చోటు చాలక, ద్రావణం చల్లిన కుండీలను మాత్రం థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీల దగ్గరి పొలంలో పెట్టించింది అతనే. పురుగులకు మేత వేసే కల్మల ఊరి బసమ్మ మొదటి రోజే ఆకు మీద వేలు రాసి చూపింది.

"సారూ, వీటి మీద బూడిదుంది. మా ఇంట్ల వంకాయ చెట్లకు పొయ్యి బూడిదే చల్లుతం. పురుగు చస్తది."

"నీకు పీహెచ్‌డీ ఎప్పుడిచ్చిన్రు బసమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "ఇస్తే జీతం పెరుగుతదా సారూ?" అంది. మళ్లీ ఆకుల ఊసెత్తలేదు.

సమీక్షకు రైతులు కూడా వచ్చారు. అందుకని నిఖిలేశ్ కన్నడలోనే మాట్లాడాడు. ఆర్‌ఎన్‌ఏ పనిచేయలేదనీ, పురుగులను చంపింది బూడిదేననీ ఒప్పుకున్నాడు. అనుకున్నంత కష్టం కాలేదు. నిజాయితీపరుడన్న పేరు కూడా వచ్చేలా ఉంది.

"బూడిద సంగతి ఎవరు గమనించారు?" ప్రొఫెసర్ సౌభాగ్య కన్నడలోనే అడిగారు.

టీ కప్పులు పంచుతున్న బసమ్మ ఆగింది. ఆమె పేరు చెబితే ఆ రోజు నవ్విన సంగతీ చెప్పాలి. మొదటి రోజే ఆమె చెప్పినా వినలేదని ఒప్పుకోవాలి.

తానే గమనించానని నిఖిలేశ్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ఒక్క జవాబుకే భాష ఎందుకు మారిందో అతనికి తెలుసు. ప్రొఫెసర్ మెచ్చుకోలుగా తలూపి రాసుకున్నారు.

బసమ్మ అతని ముందు కప్పు పెడుతూ వంగింది.

"ఇంగ్లీషుల నన్నేమన్నరు సారూ?"

అతను కప్పు వైపే చూశాడు.

"మంచిగనే చెప్పిన."

ఆమె ముఖం విప్పారింది. అతని సాసర్‌లో ఇంకో బిస్కెట్ పెట్టి వెళ్లింది.