నెమ్మదస్తురాలు

“ఇక నీకు పనేముంది, కార్డులన్నీ ఏఐ రాసిపెడుతుందటగా. కాస్త ఆ కాలరు సరిగా చెయ్యి,” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న బల్ల మీదే కాఫీ కప్పు పెట్టి.

ఆడపిల్లల బడిలో వైస్ ప్రిన్సిపాల్ ఆమె. పందొమ్మిదేళ్లుగా ప్రతి ప్రోగ్రెస్ కార్డులో రెండు వాక్యాలు తన చేత్తోనే రాసింది. అదనంగా ఒక్క పైసా లేని చాకిరీ. ఆదివారాలు వంటింటి గట్టు మీద కార్డులు పరుచుకుంటే, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా అని అత్తగారు దెప్పేది. అయినా రాసింది, ఎందుకంటే అందులో ఒక గుట్టు ఉంది. ‘నెమ్మదస్తురాలు’ అని ఉంటే అది మెప్పు కాదు. ఈ పిల్ల ఇంట్లో ఏదో బాగాలేదు, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి అని టీచర్లకు చెప్పడం. తల్లిదండ్రులు చదివి మురిసిపోయేవారు. ఆ మాటే ఎందుకంటే, పెళ్లికి ముందు అత్తగారు ఆమెను మెచ్చుకున్నదీ ఆ మాటతోనే. ఏడాదికి ముగ్గురికో నలుగురికో పడేది.

ప్రిన్సిపాల్ ఆ పాత కార్డులన్నీ ఆమె చేతే ఏఐకి మేతగా వేయించాడు. మేడమ్ గారి చెయ్యి, మిషన్ వేగం అని మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. తీరా కార్డులు వస్తే, అల్లరి చెయ్యని ప్రతి పిల్లా నెమ్మదస్తురాలే. నూట నలభై రెండు మంది.

ఆమె వెళ్లి గుట్టు విప్పింది. ఆయన నవ్వాడు.

“పొగడ్తేగా మేడమ్, ఎవరికి నష్టం? గుట్టుకి ఇంకో మాట చూసుకోండి. మధ్యాహ్నానికి కార్డులు వెళ్లిపోవాలి.”

పోనీ, ఈసారి నిజంగా ఎవరెవరికి రాయాలో చెబుదామని కూర్చుంది. ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. పిల్లల్ని చూడాల్సిన గంటలన్నీ ఈ ఏడాది మిషన్‌కి నేర్పడంలోనే పోయాయి. సిగ్గుతో అన్నిటి మీదా సంతకం పెట్టింది.

సాయంత్రం, అదే బడిలో ఏడో తరగతి చదువుతున్న కూతురి కార్డు భర్త చేతిలో ఉంది.

“నెమ్మదస్తురాలట. అచ్చం నీ పోలికే,” అన్నాడు.

అప్పటిదాకా ఏదో కూనిరాగం తీస్తున్న పిల్ల, తండ్రి గొంతు వినగానే ఆపేసింది. అడుగుల చప్పుడు కూడా కాకుండా గదిలోకి వెళ్లి, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.

నూట నలభై రెండింటిలో మిషన్ ఎన్ని తప్పు రాసిందో ఆమెకు తెలియదు. ఒక్కటి మాత్రం సరిగ్గా రాసింది. ఏడేళ్లుగా తన చేత్తో తాను రాయనిది.