నాలుగో పెట్టె

"తలుపు తీసేసరికి లోపల పాముంటే ఏటి సేద్దుం సోములమ్మా?" అంది రత్న, ఇంకా నిచ్చెన చెట్టుకి ఆనించకముందే.

"పాముంటే పామని రాత్తావు. ముందు ఎక్కు బేగి, నాకు కాపీ తోటలో పనుంది," అంది నిచ్చెన పట్టుకోడానికి తోడొచ్చిన సోములమ్మ.

టైడా ఊరి చుట్టూ కొండ తోటల్లో పిట్టలు గూడు పెట్టుకోడానికి ఎనిమిది చెక్కపెట్టెలు కట్టి వెళ్లారు విశాఖ పక్షుల బృందం వాళ్లు. వారానికోసారి చూసి, గుడ్లెన్నో, పిల్లలెన్నో ఫోనులో రాసి పంపే మనిషి కావాలంటే, ఏడో తరగతి చదివిన రత్న తన పేరిచ్చింది. "జీతం లేని ఉద్యోగం సేత్తన్నాది మా ఆవిడ," అని గ్యాంగు వాళ్ల ముందు నవ్వాడు ఆమె మొగుడు వరహాలరావు. రైలు పట్టాలు చూసే పని అతనిది. అతని డ్యూటీకి అందేలా పద్నాలుగేళ్లుగా తెల్లవారుజామునే లేచి వండుతోంది రత్న. ఆ పనికేం పేరో అతనెప్పుడూ అనలేదు.

పెట్టె తెరిచే ముందు వేలితో తట్టాలి. తల్లిపిట్ట ఎగిరిపోయాకే తలుపు తీయాలి. ఆ రెండింటి మధ్యా రత్నకి ఊపిరాడదు. పదకొండేళ్ల కిందట, ఇప్పుడుంటున్న రైల్వే క్వార్టర్లోనే, తన మొదటి బిడ్డ, ఆడపిల్ల, పుట్టిన మూడోనాడు ఏడుపు ఆపేసింది. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో కన్నతల్లికి చెప్పకూడదట, చెబితే మళ్లీ కడుపు నిలవదట. అత్త యర్రమ్మ పెట్టిన కట్టు అది. "నీ సెయ్యి పడ్డదేదీ బతకదే, మరిసిపో," అని కూడా అంది. ఆ తర్వాత సాయిదుర్గ పుట్టింది, తొమ్మిదేళ్లు నిండాయి, అయినా ఆ చోటు ఎవరూ చెప్పలేదు. నీళ్లకి వెళ్తున్నా, పుల్లలు ఏరుతున్నా, ఇక్కడేనేమో, ఇప్పుడు నా కాలు దాని మీదే పడిందేమో అని రత్న అడుగు తీసి పక్కన వేస్తుంది. సాయిదుర్గ పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. "సచ్చిపోలేదులే అమ్మా," అని నిద్దట్లోనే విసుక్కుంటుంది ఆ గుంట.

నాలుగో పెట్టెని తట్టింది. ఏదీ ఎగరలేదు. మళ్లీ తట్టి తీసింది. పోయినవారం నోళ్లు తెరుచుకుని అరిచిన నాలుగు నల్లంచి పిట్ట పిల్లలూ ఒకదాని మీద ఒకటి పడున్నాయి. చీమలు పట్టేశాయి.

"నేనే. పోయినారం నా సెయ్యి తగిలింది," అంది రత్న, నిచ్చెన దిగలేక.

"నీ సెయ్యి కాదే రత్నా. మూడ్రోజులు వాన కొట్టింది. తల్లికి పురుగు దొరకలే."

సోములమ్మ కొడవలి మొనతో మిరియం తీగ మొదట్లో మట్టి తవ్వింది. చచ్చినవి కూడా తప్పకుండా రాయాలని బృందం వాళ్లు మరీమరీ చెప్పారు. రత్న రాసింది: నాలుగు పిల్లలు చనిపోయాయి. పెట్టె కిందే పూడ్చాం.

రాసి, దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"మీ పెద్ద గుంటని యేడ పెట్టినారు?" అంది సోములమ్మ మెల్లగా.

"తెలీదు."

"కన్నదానివి, నీకు తెలీకపోడమేటి?"

మధ్యాహ్నం వరహాలరావు భోజనానికొచ్చాడు. రత్న అన్నం పెట్టి, చారుగిన్నె ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"మన పెద్ద గుంటని ఏడ పూడ్సినారు?"

అతని చెయ్యి ఆగింది. "ఇప్పుడెందుకే అది? అమ్మ సెప్పింది కదా, కడుపు నిలవదని."

"నిలిసింది. నాలుగో తరగతి సదువుతంది."

"సారు పొయ్యి."

రత్న పొయ్యలేదు. పెళ్లయ్యాక అతనడిగింది వెయ్యకపోవడం అదే మొదలు. గూడ్సు బండొకటి ఇల్లంతా అదిరేలా దాటిపోయింది. దాని చప్పుడు కొండల్లో అణిగిపోయింది. అన్నం మీద ఈగ వాలింది. అతను తోలలేదు, ఆమె కూడా తోలలేదు. కలిపిన ముద్ద కంచంలో ఆరిపోయింది.

"సొరంగం దాటినాక, ఎడంపక్క," అన్నాడు చివరికి, తలెత్తకుండా. "పదకొండేళ్ల నుంచీ రోజూ లైను నడిసేటప్పుడు దాని కాడ కూసేపు కూకునే వత్తన్నాను."