అలలు పంపే గది

చెవుల్లో దూది కుక్కుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ముసలాయన సైరను నొక్కి మీట ముందుకు తోశాడు. గోడకు అవతల జనం ఒక్కసారిగా గోలపెట్టారు. ఇవతల నాలుగు పెద్ద ఫ్యాన్లు దగ్గి, మూలిగి, తిరగడం మొదలుపెట్టాయి. వాటి గాలి కింది తొట్టెలోని నీటిని అణిచి వదులుతుంది, మళ్ళీ అణిచి వదులుతుంది. ఆ దెబ్బకు గోడ అడుగున ఉన్న ఊచల దగ్గర నీరు ఉబ్బి, అవతలి కొలనులో అలై పరుగెడుతుంది. ఆ వాటర్ పార్కుకు జనం వచ్చేదే ఈ అలల కోసం. వాటిని పుట్టించేది ఈయన. అందుకే తోటివాళ్ళంతా ఆయన్ని సముద్రుడు అని పిలిచేవారు. పేరు పెట్టడానికి ఖర్చేముంది!

తమాషా ఏమిటంటే, ఈ సముద్రుడు తన అల ఒడ్డున విరగడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా చూస్తాడు? అలలు రావాలంటే ఆయన మీట దగ్గర ఉండాలి. ఆయన బయటికొస్తే అలలుండవు. సెలవు రోజున రావాలంటే అందరిలాగే టికెట్టు కొనుక్కోవాలి, నీళ్ళు చూడటానికి అంత తగలెయ్యడానికి ఆయనకేం పిచ్చా? ఊచల సందుల్లోంచి ఆయనకు కనిపించేది అల వీపు మాత్రమే. నల్లగా, నునుపుగా, వెనక్కి చూడకుండా పోయేది. ఆ ఊచల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక ప్లాస్టిక్ కప్పో, ఊడిన చెప్పో తేలుతుండేది. అల లేస్తే లేచేది, దిగితే దిగేది, ఉన్న చోటు మాత్రం వదిలేది కాదు. దాన్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

"ఎంత ఊగినా ఇక్కడే చస్తావు" అని తిట్టేవాడు.

ఇవాళ మాత్రం తిట్టలేదు. మనవరాలు బడిపిల్లలతో కలిసి వస్తోంది. నిన్న అన్నాల దగ్గర ఆ పిల్ల పెద్ద సందేహమే లేవదీసింది.

"తాతయ్యా, నీళ్ళన్నీ మాకు పంపించేస్తే నీ దగ్గర అయిపోవూ?"

ఆయన నవ్వి, చెయ్యి కడుక్కొచ్చి, మంచం మీది దుప్పటి ఒక కొస పిల్ల చేతికిచ్చాడు. రెండో కొస తను పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు. దుప్పట్లో ఒక ముడత ఎత్తుగా లేచి, పరుగెత్తుకెళ్ళి పిల్ల చేతుల్ని గుంజింది.

"దుప్పటి నీ దగ్గరికొచ్చిందా?"

"లేదు. చెయ్యి మాత్రం గుంజింది."

"అదేనమ్మా. నీళ్ళు నా దగ్గరే ఉంటాయి. ఊపు నీ దాకా వస్తుంది."

"అయితే ఆ ఊపు నీదేనా?"

ఇంట్లో ఆయన్ని అంత మంచి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "నాదే" అన్నాడు గొంతు సవరించుకుని. "రేపు అలల ఆఖరి విడతకి నేనూ వచ్చి నీ పక్కన నిలబడతా. చూద్దువుగాని."

ఇవాళ పొద్దున్న పనికి రాగానే బావమరిదిని పట్టుకున్నాడు. అతనికీ అక్కడే పని, నీళ్ళు శుభ్రం చేసే పంపుల దగ్గర.

"ఒరేయ్, ఆఖరి విడత నువ్వు కూచోరా. నేనలా ఒడ్డు దాకా వెళ్ళొస్తా."

"నువ్వా! జాగ్రత్త బావా, అలలు నిన్ను గుర్తుపట్టి కాళ్ళ మీద పడతాయేమో" అని అతను నవ్వి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే ఉంది. ముసలాయన క్యారేజీ కడుక్కుంటుంటే మేనేజరు తలుపు సందులోంచి మొహం లోపల పెట్టాడు. ఆ గది వేడికి ఎప్పుడూ మొహం వరకే పెట్టేవాడు.

"ఏం పెద్దాయనా, అలలు మరీ చచ్చు చచ్చుగా ఉన్నాయని జనం గొణుగుతున్నారు. రెండింతలు లేపు."

"ఎత్తు రెండింతలంటే ఊపు నాలుగింతలు కావాలి సార్. మోటార్లు సెగలు కక్కుతాయి. ఈ గదిలో మనిషి నిలవలేడు."

"నాలుగింతలని నాకు తెలీదా? కరెంటు బిల్లు కట్టేది మేం, మధ్యలో నువ్వెందుకయ్యా ఏడుస్తావు? మోటార్లని కనిపెట్టుకుని ఉండు, చాలు."

"ఆఖరి విడతకి మా బావమరిదిని కూచోబెడదామనుకున్నా సార్. మనవరాలొచ్చింది. ఒక్కసారి..."

"అతన్ని జనరేటరు దగ్గర పెట్టాను. ఇంత లోడుకి అక్కడొకడు ఉండొద్దూ? మనవరాలిని ఇంట్లో చూసుకో."

తలుపు మూసుకుంది. మేనేజరు లెక్కలో మోటార్లున్నాయి, జనరేటరుంది, బిల్లుంది. మనిషి లేడు. ముసలాయనకు ఏడుపొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెమటేలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పిల్లకి మాటిచ్చాడు. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని ఇంటికెళ్ళడం? సరే, తను వెళ్ళలేకపోతే పోయె, ఊపు వెళ్తుంది. దాన్ని మేనేజరు తాత కూడా ఆపలేడు.

ఆఖరి విడత సైరను మోగించి, మీటను ఎన్నడూ తొయ్యనంత ముందుకి తోశాడు. ఫ్యాన్లు కేకపెట్టాయి. నేల, నేల మీది స్టూలు, నోట్లో మిగిలిన పళ్ళు, అన్నీ ఒక్కటిగా వణికాయి. మోటార్ల సెగ పొయ్యి ముందు కూచున్నట్టు మొహానికి కొట్టింది. ఊచల అవతల నీరు ఛాతీ ఎత్తున లేచి వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి. దూది దాటుకుని పిల్లల కేకలు వినిపించాయి. అందులో తన పిల్ల గొంతు పోల్చుకుందామని ఒక చెవిలోని దూది తీశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎడమ చెయ్యి బరువెక్కింది. స్టూలు మీద కూచుని గోడకు ఆనుకున్నాడు. తడిసిన చొక్కా వీపుకు చల్లగా తగిలింది. ఒక్క క్షణం ఊపిరి తీసుకుని మీట తగ్గిద్దామనుకున్నాడు. తగ్గించలేదు.

అలలు ఆగాల్సిన వేళ దాటిపోయింది. జనం మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత చప్పట్లు కొట్టారు.

"భలే! ఇవాళ కొసరు కూడా వేస్తున్నారు!" అన్నాడొక బొజ్జాయన. ఒడ్డున నిలబడ్డ మేనేజరు ఆ మెప్పంతా తనకే అన్నట్టు నవ్వాడు.

మోకాలి లోతు నీళ్ళలో మనవరాలు పక్క పిల్లల చేతులు పట్టుకుని గెంతుతోంది. ప్రతి అలకూ దబ్బున పడుతోంది, లేస్తోంది, ముక్కులోంచి నీళ్ళు చీదుతూ అరుస్తోంది.

"మా తాతయ్యే! నేనున్నానని ఆపట్లేదు!"

జనరేటరు మీటరు ముల్లు ఎంతకీ దిగకపోయేసరికి బావమరిది పరుగెత్తుకొచ్చి తలుపు తోశాడు. "బావా, ఆపవేం?" అన్నాడు. తర్వాత తనే ఆపాడు. బావ ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసి, అక్కడే కూలబడ్డాడు. బయట జనం ఉసూరుమన్నారు.

మేనేజరు వచ్చాడు. ఈసారి ఒళ్ళంతా లోపలికొచ్చాడు. "అయ్యో, మంచి మనిషి" అని, వెంటనే వెనక గేటు దగ్గరికి వ్యాను తెప్పించాడు, జనం కంట పడకుండా. ఇద్దరు మనుషులు ముసలాయన్ని ఎత్తుకుపోయారు. వెంట వెళ్ళబోయిన బావమరిది భుజం మీద మేనేజరు చెయ్యి వేశాడు.

"వ్యాను వెనకే నిన్ను కారులో పంపిస్తాలే. బయట వినబడుతోందిగా? ఇంకోటి, ఇంకోటి అంటున్నారు. చిన్నది ఒక్కటి వేసి పోవయ్యా. గొడవైతే నీకూ నాకూ కష్టం."

బావమరిదికి అతని గొంతు పిసకాలనిపించింది. ఆ ఇంకోటి అంటున్నవాళ్ళలో మనవరాలు కూడా ఉందని గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ పిల్లకి ఎలాగూ తెలుస్తుంది. తన అక్క ఏడుపు చూస్తుంది.

"మీకోసం కాదు" అని, లేచి మీట మీద చెయ్యి వేశాడు.

విడత అయ్యాక మొహం తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికితే, తలుపు వెనక మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి కనిపించింది. అందులో, ఈతబట్టలు లేనిదే ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వరు కాబట్టి, బావ సైజుది ఒక కొత్త నిక్కరు ఉంది. నీలం గుడ్డ మీద పసుప్పచ్చ చేపలు, నడుము దగ్గర ఇంకా తెంపని ధర చీటీ.