మూడో రంధ్రం

కాసెల్ పట్టణంలోని సామగ్రి పరీక్షా కేంద్రంలో చేరేనాటికి ఫోల్క్‌మార్ డెట్‌వైలర్ చేతిలో ఉన్నది ఒక ఇంజనీరింగు పట్టా, ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. వీటికి తోడు, ఎవరు నవ్వుతూ మాట్లాడినా ఏం దాస్తున్నారోనని వెతికే కన్ను.

అయిదో నెలలో, 1964 ఫిబ్రవరి చివర, కొత్త బడి వ్యాయామశాల నుంచి పన్నెండు కాంక్రీటు దిమ్మలు పరీక్షకు వచ్చాయి. పైకప్పుకు వాడిన కాంక్రీటుతోనే, పోసిన రోజునే చేయవలసిన నమూనాలవి. యంత్రంలో నొక్కితే పన్నెండూ ఇంచుమించు ఒకే బరువుకు పగిలాయి.

"అన్నీ నెగ్గాయిగా, ఇంకేం?" అన్నాడు పై అధికారి. "మా ఆవిడ కేకు ప్రతి ఆదివారం ఒకేలా పొంగుతుంది. దాన్నీ అనుమానిస్తారా?"

డెట్‌వైలర్ పగిలిన ముక్కను తిప్పి చూశాడు. లోపల నున్నటి ఏటి గులకరాళ్లు. రోజూ ట్రాములోంచి అతనికి ఆ బడి దగ్గర కనిపించేది నల్లరాతి కంకర గుట్ట.

"పైకప్పుకే రంధ్రాలు వేసి చూడాలండీ."

"ఈస్టర్ తర్వాత బడి తెరవాలి. కాంక్రీటు బాగుందని తేలితే మీ ఉద్యోగం ఆరు నెలలతో సరి. ఆలోచించుకోండి."

డెట్‌వైలర్ రంధ్రాలు వేసే యంత్రంతో బడికి వెళ్లాడు. మేస్త్రీ క్రోల్‌మన్ బీరు పెట్టెను పైకప్పు మీదికే తెప్పించాడు.

"రండి ఇంజనీరు గారూ! దిమ్మలు మరీ గట్టిగా ఉన్నాయని కేసు పెడతారట గదా!"

కూలీలు పగలబడి నవ్వారు.

"వాటిలో ఏటిరాయి ఎందుకుంది?"

"చలికి చెడిపోతాయని మా ఇంటి నేలమాళిగలో పోశాను. అక్కడున్న రాయి వేశాను. తప్పా?"

"తప్పే."

మొదటి రంధ్రంలోంచి నల్లరాతి కాంక్రీటు గట్టిగా వచ్చింది. రెండోదీ అంతే.

"చాలు గదా, ఇక తాగండి," అన్నాడు క్రోల్‌మన్.

గుర్రాన్ని అమ్మేవాడు దాని కుంటికాలి వైపు నిలబడ్డట్టు, ఈ మనిషి వచ్చినప్పటి నుంచీ పెట్టె మీంచి లేవలేదు.

"పెట్టె జరపండి. మూడోది అక్కడ."

"అయ్యా, నా నడుం నొప్పి. కూర్చోడానికి ఇంకేముంది నాకు?"

"నిలబడండి."

మూడో ముక్క చేతిలోనే పొడిపొడి అయింది. గట్టిపడకముందే నీరు గడ్డకట్టిన గుర్తుగా, పెళ్లల మీద ఆకుల్లా పేరుకున్న మంచు అచ్చులున్నాయి.

"ఒక్క మూలే గదండీ," అన్నాడు క్రోల్‌మన్, గొంతు తగ్గించి. "అది పోసిన తెల్లారి అంత చలి వేస్తుందనుకోలేదు."

ఆ మూల పగలగొట్టి మళ్లీ పోశారు. బడి వేసవి దాటాక గాని తెరుచుకోలేదు. పిల్లల తల్లులు డెట్‌వైలర్‌ను తిట్టుకున్నారు. తర్వాతి ముప్పై ఒక్క ఏళ్లలో ఏ మేస్త్రీ అతన్ని కూర్చోమనలేదు. వచ్చిందల్లా ఖాయమైన ఉద్యోగం, కూలకుండా నిలిచిన పైకప్పు. బేరం గిట్టిందనే అనుకున్నాడతను.