మోచేతి ఎత్తు

"మేడం, జర గోడకు ఆనుకొని నిలబడుండ్రి. చెయ్యి మడువుండ్రి," అన్నాడు దయాకర్.

నాగోల్‌లో కొత్త ఫ్లాటు. వంటగదికి ఇంకా రంగులు పడలేదు. ఇంటావిడ ఉదయశ్రీ చున్నీ సర్దుకుని గోడకు ఆనుకుంది. దయాకర్ చెవి మీది పెన్సిల్ తీసి, ఆమె మోచేతికి నాలుగు వేళ్ల కిందుగా గోడ మీద గీత గీశాడు.

"వంటగట్టు గీడికొస్తది మేడం. కిందికైతే నడుము వోతది, మీదికైతే భుజాలు గుంజుతయి. వండేటోళ్ల ఎత్తును వట్టే రాయి కూసోవాలె."

టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డ అతని భార్య స్వర్ణలతకు ఒళ్లు భగ్గుమంది. మొగుడు పరాయి ఆడదాన్ని చూశాడని కాదు. పాపం, అతని చూపంతా గోడ మీదే ఉంది. ఆమె కుళ్లు ఆ పెన్సిల్ గీత మీద. పెళ్లయిన ఇన్నేళ్లలో తనను ఎవరైనా ఒక గోడకు నిలబెట్టి, నీ ఎత్తెంత, నీ నడుమెక్కడ అని అడిగారా?

"మీ వారు ఎంత శ్రద్ధగా కనుక్కుంటున్నారండీ. మీ వంటిల్లు ఇంకెంత బాగుంటుందో," అంది ఉదయశ్రీ.

స్వర్ణలత నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, బేరం ఇంకా పూర్తిగా కుదరలేదు.

నాచారంలో గ్రానైట్ దుకాణం దయాకర్ పేరు మీద ఉంది. వచ్చిన ఆడవాళ్లకు రాయి గురించి చెప్పేది మాత్రం స్వర్ణలతే. ఈ ఉదయశ్రీ కూడా మొదట తెల్ల పాలరాయి మీద మోజు పడింది. "వంటింటికి పాలరాయి వద్దమ్మా. నిమ్మరసం, చింతపులుసు పడ్డకాడ మెరుపు వోతది, మళ్ల రాదు. గ్రానైటైతే పులుపుకు ఏం గాదు," అని చెప్పింది స్వర్ణలతే. పలకల మీద నీటి చుక్కలు వేసి, నీళ్లు తాగి నల్లబడ్డవాటిని పక్కకు పెట్టించింది కూడా తనే. చివరికి బంగారు రవ్వల నల్లరాయి చూపించింది. లారీ దిగిన రోజే తాను మనసుపడ్డ రాయి అది. అది చూపించేటప్పుడు తన నోరు పడిపోయినా బాగుండేది. ఇంత చేస్తే దయాకర్ ఏమన్నాడు? "మా ఇంటామె ఉత్తగనే వస్తది మేడం. ఇంట్ల పొద్దు వోక."

ఉప్పల్‌లోని వాళ్లింట్లో ఇంకా పాత కడపరాయి గట్టే. స్వర్ణలత పొడగరి. వంగి కూరలు తరిగి, వంగి పిండి కలిపి, రాత్రికి నడుం ఎవరిదో అన్నట్టు ఉండేది. ఇంట్లో గ్రానైట్ లేదని అనడానికి మాత్రం వీల్లేదు. పరాయివాళ్ల వంటగట్లలో సింకు కోసం కోసి తీసేసిన ముక్కలన్నీ ఇక్కడికే వచ్చేవి. ఒకటి చపాతీలు ఒత్తడానికి, ఒకటి టీవీ కింద, ఒకటి బట్టలుతకడానికి. ఎందరి వంటిళ్లకు బొక్కలు పడ్డాయో ఆమె ఇల్లు చూస్తే తెలుస్తుంది.

గట్టు లేపించమంటే దయాకర్ జవాబు ఒక్కటే. "మా నాయిన దాన్ని అమ్మ ఎత్తుకు కట్టించిండు. గా గట్టు కదిలిస్తే అమ్మ మనసు నొస్తది." అత్త సత్తమ్మ మోకాళ్ల నొప్పులతో, స్వర్ణలత కాపురానికి రాకముందే వంటింటి మొహం చూడటం మానేసింది. అయినా ఆ గదిలో రాజ్యం ఆమె ఎత్తుదే. ఆ ముసలామెను చూసినా స్వర్ణలతకు కడుపుమంటే. ఆమెనైనా ఒకసారి గోడకు నిలబెట్టి కొలిచారు కదా.

తెలంగాణ బందు రోజున లారీలు కదల్లేదు, దుకాణం తెరవలేదు. అప్పుడు గుర్తొచ్చింది దయాకర్‌కు సొంత ఇల్లు. ఉదయశ్రీ పలకలో మిగిలిన ముక్కలతో రాళ్లు బిగించే కొమురెల్లిని వెంటబెట్టుకొచ్చాడు. స్వర్ణలత గ్యాస్ పొయ్యి తీసి కింద పెట్టింది. పాత రాయి ఊడింది.

"ఎత్తెంత వెట్టాలె అన్నా?" అన్నాడు కొమురెల్లి.

"పాతదెంతుండెనో గంతే. అమ్మ ఎత్తు."

చాయ్ కోసం గోడ పట్టుకుని వచ్చిన సత్తమ్మ గడపలోనే ఆగింది.

"నా ఎత్తా? నన్నెవలు కొలిచిన్రు రా? మీ నాయిన నన్ను ఊర్లె ఉంచి కట్టించె ఈ ఇల్లు. మేస్త్రి ఇటుకలు వేర్సుకుంట వోయిండు. గట్టు అందకనే గద, గా బియ్యం సంచి కింది పీట ఎక్కి వండిన. మోకాళ్లు వొయ్యేదాక."

స్వర్ణలత బియ్యం సంచిని పక్కకు జరిపింది. ఇన్నేళ్లూ ఆ పీట సంచి కోసమే ఉందనుకుంది. చెక్క మీద రెండు పాదాలంత మేర అరిగి నున్నబడి ఉంది. తాను కుళ్లుకున్న మనిషికి కూడా ఏ గోడ మీదా గీత లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే చాలా కోపం వచ్చింది.

లేచి గోడకు ఆనుకుని నిలబడి చెయ్యి మడిచింది.

"పెన్సిల్ తియ్యి," అంది భర్తతో.

"ఏంది లతా, ఇయ్యాల ఒక్కరోజు దొరికింది. పని కానియ్యి. నువ్వు గా ఎత్తుకు అలవాటైనవు గద."

"గీత వడ్డంకనే పొయ్యి ముట్టిస్త. అప్పటిదాక గిట్లనే నిలబడుత."

కొమురెల్లి చేతిలోని సుత్తి కింద పెట్టాడు. సత్తమ్మ పీట లాక్కుని దాని మీదే కూర్చుంది. దయాకర్ చెవి మీది పెన్సిల్ తీశాడు గానీ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగిపోయాడు. ఆమె మోచెయ్యి ఏ ఎత్తున ఉంటుందో అతనికి నిజంగానే తెలియదు.

స్వర్ణలత చెయ్యి దించలేదు.

"నన్ను మేడం అనుకొని గియ్యి," అంది.